ఆ నిమిషం లెక్క నీదే

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఊరి ఆరోగ్య కార్యకర్తగా కొత్తగా పనిలో చేరిన నువ్వు, "ప్రతి చిన్న విషయానికీ నర్సమ్మకు ఫోను చేస్తున్నాను, సొంతంగా ఎప్పటికి చేయగలుగుతానో" అని రాసిన మాట రెండు రోజులుగా నా మనసులో మెదులుతూనే ఉంది. ఫోను చేయడం తప్పు కాదు. చేసేముందు నువ్వు ఏం చూశావు, ఏం లెక్కపెట్టావు అన్నదే అసలు సంగతి. "పాపకు ఒంట్లో బాగాలేదు" అంటే నీ కంగారు తప్ప ఇంకేమీ తెలియదు. "పది నెలల పాప, నిమిషానికి 56 సార్లు ఊపిరి తీస్తోంది, పాలు మాత్రం తాగుతోంది" అని చెప్పి చూడు, ఏం చేయాలో నర్సమ్మ వెంటనే చెప్పగలదు.

నేను పనిలో చేరిన మొదటి ఏడాది, దగ్గుతో ఉన్న ఒక బాబును చూశాను. ఊపిరి వేగంగా ఉందని అనిపించింది. అయినా లెక్కపెట్టకుండా పర్యవేక్షకురాలు వచ్చేదాకా ఆగాను. ఆమె వచ్చేసరికి సాయంత్రమైంది. నిమోనియా. బాబు దక్కాడు కానీ, ఒక పగలంతా నా వల్లే వృథా అయింది. లెక్కపెట్టడం నాకు తెలియక కాదు, నా లెక్క మీద నాకే నమ్మకం లేక.

ఆ నమ్మకం జబ్బుపడ్డ బిడ్డ ముందు కూర్చున్నప్పుడు పుట్టదు, ముందే సంపాదించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల దగ్గర సాధన చెయ్యి. బిడ్డ తల్లి ఒడిలో ప్రశాంతంగా ఉండాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకు. బిడ్డ చొక్కా పైకి తీయమని తల్లిని అడుగు. అర నిమిషం చూసి రెట్టింపు చేయకు. పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు కాబట్టి పూర్తిగా ఒక నిమిషం చూడాల్సిందే. తోటి కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోండి. నాకు అన్నిటికంటే ఎక్కువగా ధైర్యాన్నిచ్చింది ఇదే.

రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. దగ్గుతో ఉన్న బిడ్డ నిమిషానికి అన్నిసార్లు గానీ, అంతకంటే ఎక్కువసార్లు గానీ ఊపిరి తీస్తుంటే అది వేగమైన ఊపిరే. రెండు నెలల లోపు బిడ్డకైతే రెండోసారి కూడా లెక్కపెట్టి చూడు. ఊపిరి తీసినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోతోందేమో కూడా గమనించు.

బిడ్డ ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉండి లేపినా లేవకపోయినా ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకు. ఆసుపత్రికి బయలుదేరదీయి, ఫోను దారిలో చేయవచ్చు. పెద్ద వైద్యానికి ఎప్పుడు పంపాలో తెలుసుకుని ఆలస్యం లేకుండా పంపడం కూడా సొంతంగా పని చేయడమే. నీకు శిక్షణ ఇవ్వని మందును, ఇంజెక్షనును మాత్రం ఎవరు ఎంత బతిమాలినా ముట్టుకోకు.

ఒక సొంత నోటుపుస్తకం పెట్టుకో. ఆరోగ్య కేంద్రానికి ఇచ్చే రిజిస్టరు వేరు, ఇది వేరు. ఏం చూశాను, ఏమనుకున్నాను, ఏం చేశాను, తర్వాత ఏమైంది అని రాసుకో. పంపిన బిడ్డ సంగతి అడిగి తెలుసుకుని, ఆ నాలుగో మాట తప్పక పూర్తి చెయ్యి. ఆరు నెలల తర్వాత తిరగేస్తే నీ అంచనా ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో నీకే కనబడుతుంది. మందుల నిల్వ కూడా అందులోనే రాసుకుంటే, అయిపోకముందే అడగవచ్చు.

విరేచనాలైన ఇంట్లో నువ్వే ఓఆర్ఎస్ కలిపి ఇచ్చి వచ్చేయకు. తల్లి చేత కలిపించు. ప్యాకెట్ దొరకని రోజు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేయాలి. చిన్న టీ చెంచాతో, పైన గుట్టగా లేకుండా తలకొట్టి కొలవాలి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపమను. రెండోసారి నువ్వు వెళ్లేలోపు ఆమె తనంతట తానే కలుపుకుని ఉంటే, ఆ రోజు నీ పని బాగా జరిగినట్టు.

ఇంకొక మాట, ఇది కొంచెం కోపంగానే రాస్తున్నాను. 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-అటా నగరంలో చేసిన ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ ప్రకటనలో ప్రజల స్వావలంబన గురించి రాశారు. అదే ప్రకటనలో ప్రజల ఆరోగ్యానికి ప్రభుత్వాలు బాధ్యత వహించాలని కూడా రాశారు. స్వావలంబన పేరు చెప్పి నీకు మందులు, శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వడం మానేస్తే ఊరుకోకు, అడుగు. అడగడం వల్ల నీ సామర్థ్యం తగ్గిపోదు.

నువ్వు చూశానని రాసిన దగ్గు బాబు ఇంటికి రేపు పొద్దున మళ్లీ వెళ్లు. వెళ్లేముందు నీ గడియారంలో సెకన్ల ముల్లు సరిగా తిరుగుతోందో చూసుకో. లెక్క ఎంత వచ్చిందో నాకు రాయి.

నీ పెద్దమ్మ