రోడ్డు మీదికి ఇద్దరే వెళ్ళండి

హనుమకొండ

చిరంజీవి తమ్మునికి,

దారిలో చిక్కుకున్న సభ్యులకు సాయం చేసే బాధ్యతను మన కార్ల క్లబ్బు ఇకపై నీకు అప్పగించిందని విని సంతోషించాను. ఆ పని నేను పద్దెనిమిదేళ్ళు చూశాను. చిన్న ప్రమాదం జరిగినప్పుడు అక్కడికి వెళ్ళి ఏమి చేయాలని నీవు అడిగావు. ఏమి చేయకూడదో కూడా అడిగి ఉంటే ఇంకా బాగుండేది, ఎందుకంటే నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం అదే. ఫోనులో తేలే విషయం కాదు గనుక కాగితం మీద పెడుతున్నాను.

అన్నిటికన్నా ముందు, ఫోను రాగానే ఆ కబురు గ్రూపులో పెట్టి "దగ్గరలో ఉన్నవాళ్ళందరూ రండి" అని పిలవవద్దు. ఇద్దరు చాలు. ఒకరికి బండి గురించి తెలిసి ఉండాలి, మరొకరికి మాట్లాడడం తెలిసి ఉండాలి. మిగతావారిని ఇళ్ళలోనే ఉండమని, అవసరమైతే కబురు చేస్తామని చెప్పాలి. ఈ నియమం నా తప్పు వల్ల పుట్టింది. చాలా ఏళ్ళ కిందట, పత్తి ఏరే రోజుల్లో, హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి వైపు వెళ్ళే దారిలో మన సభ్యుడి కారు ఒక మోపెడ్‌ను రాసుకుంది. మోపెడ్ మీద ఉన్న పెద్దాయనకు మోకాలు గీసుకుపోవడం తప్ప వేరే దెబ్బ లేదు. నేను ఉత్సాహంతో అందరినీ పిలిచాను. అరగంటలో పదకొండు కార్లు, అన్నింటి మీద మన క్లబ్బు స్టిక్కరుతో, సగం తారు రోడ్డు మీద, సగం మట్టిలో వరుసగా నిలబడ్డాయి. ఊరినుంచి వచ్చిన ఆయన కొడుకు ఆ వరుసను, చుట్టూ నిలబడిన ఇరవై మందిని చూసి మనం కొట్లాటకు వచ్చామనుకొని ఊరి జనాన్ని పిలుచుకు వచ్చాడు. దానికి తోడు పత్తి లోడుతో వస్తున్న లారీ ఒకటి మన వరుసను చివరి నిమిషంలో చూసి బ్రేకు వేయడంతో మరో పెద్ద ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. పసుపు రాస్తే మానే గాయం రాత్రి పదింటి దాకా సాగిన పంచాయితీ అయింది. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది.

అక్కడికి చేరిన వెంటనే మీ కారును ప్రమాదం జరిగిన బండికి వెనక దూరంగా, పూర్తిగా రోడ్డు దిగి ఆపండి. నాలుగు ఇండికేటర్లు వెలుగుతూ ఉండాలి. మెరిసే జాకెట్టు వేసుకోకుండా కిందికి దిగవద్దు. మీలో ఒకరు ఎర్ర త్రికోణాన్ని తీసుకొని, వచ్చే వాహనాలకు ఎదురుగా, రోడ్డు అంచు వెంట నడిచి వెళ్ళి పెట్టాలి. ఊళ్ళో అయితే యాభై అడుగులు వేస్తే చాలు, కాని హైదరాబాదు నుంచి జనగామ, కాజీపేటల మీదుగా ములుగు వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీద నూరు అడుగులు వేసినా నాకు తక్కువే అనిపిస్తుంది. మలుపు ఉంటే త్రికోణం మలుపుకు ముందే ఉండాలి, మలుపు తిరిగాక కనబడే హెచ్చరిక ఎవరికీ పనికిరాదు. వడ్ల కోతల కాలంలో రోడ్డు సగం కల్లంగా మారి, రాత్రిపూట కుప్పల చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయన్న సంగతి నీకు తెలిసిందే, ఆ రోజుల్లో త్రికోణాన్ని ఇంకా వెనక్కి జరుపు.

మీలో రెండోవారు బండి దగ్గరికి కాదు, దాన్ని నడిపిన మనిషి దగ్గరికి వెళ్ళాలి. మనది కార్ల క్లబ్బు గనుక మన కళ్ళు ముందుగా సొట్ట మీదికే పోతాయి, ఆ అలవాటును అదుపులో పెట్టుకోవాలి. "ఎట్లా జరిగింది?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఆ ప్రశ్న వినగానే అతను తనను సమర్థించుకోవడం మొదలు పెడతాడు, అప్పుడు ఒంటి నొప్పి అతనికే తెలియదు. ఎక్కడైనా నొప్పి ఉందా, తల దేనికైనా తగిలిందా, వేళ్ళు కదులుతున్నాయా అని అడగండి. మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరి అన్నా కదిలించకుండా 108కి ఫోను చేయండి. తలకు దెబ్బ తగిలి వాంతి అయినా, మత్తుగా ఉన్నా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా అది చిన్న ప్రమాదం కాదు, నేరుగా ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరలో ఉన్న మరో పెద్ద ఆసుపత్రికో చేర్చాలి. ఏమీ లేదని నవ్వుతున్నవాడికి కూడా వెనకనుంచి గుద్దుకోవడం వల్ల వచ్చే మెడనొప్పి మరునాడు పొద్దున బయటపడుతుంది, ఆ సంగతి ఇంటివాళ్ళకు ముందే చెప్పి రండి. ఇంటికి ఫోను మాత్రం అతని చేతనే చేయించండి, ఎందుకంటే తెలియని గొంతు "మీవారికి ప్రమాదం జరిగింది" అంటే ఇంట్లో ఉన్నవాళ్ళ ప్రాణాలు పోతాయి.

అవతలి బండిలో ఉన్నవారికి దెబ్బ తగిలితే, మనవాడికన్నా ముందు వారి దగ్గరికే వెళ్ళాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షను ప్రకారం, గాయపడినవారికి వైద్యం అందేలా చూడవలసిన బాధ్యత డ్రైవరుదే. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్లయినా 24 గంటలలోపు దగ్గరి పోలీసు స్టేషనులో తెలియజేయాలి. జనం ఆగ్రహంతో మీద పడే పరిస్థితి ఉంటే వైద్యం సంగతి స్వయంగా చూడలేకపోయినా తప్పు పట్టకుండా ఆ సెక్షనులోనే మినహాయింపు ఉంది. కాబట్టి మూక కూడితే వాదనకు దిగకుండా మనవాడిని మీ కారులో ఎక్కించుకొని నేరుగా స్టేషనుకు తీసుకువెళ్ళండి, గాయపడినవారి కోసం దారిలోనే 108కి, 112కు ఫోను చేయండి. స్టేషనుకు పోవడం పారిపోవడం కాదు, ఇంటికి పోవడమే పారిపోవడం. ఇక సాయం చేసినందుకు కేసుల్లో ఇరుక్కుంటామని మనవాళ్ళలో కొందరికి ఇప్పటికీ భయం ఉంది. 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షను మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతం చేయడానికి వీలులేదు. ఈ సంగతి సమావేశంలో ఒకసారి చదివి వినిపించు.

దెబ్బ తగిలిన చోట డబ్బు లెక్కపెట్టి రాజీ చేయించే పని ఎన్నడూ నెత్తిన వేసుకోవద్దు. రెండువేలు తీసుకొని వెళ్ళినవారికి రాత్రి కాలు వాస్తే, ఆ రెండువేలే తెల్లారి మనవాడికి ఎదురు సాక్ష్యం అవుతుంది. రేకుకు మాత్రమే నష్టం జరిగితే ఇరువురూ ఇష్టపడి మాట్లాడుకోవచ్చు. అయినా బండ్ల నంబర్లు, తేదీ, ఇచ్చిన మొత్తం రాసిన కాగితం మీద రెండు సంతకాలు ఉండాలి. తప్పు ఎవరిదో తేల్చే పెద్దమనిషి పాత్రను నీవు తీసుకోవద్దు, మనవాడి తప్పేనని కళ్ళకు కనబడుతున్నా, అవతలివాడిదేనని మనసు చెబుతున్నా సరే.

బండిని పక్కకు తీసే ముందు ఫొటోలు తీయాలి. నాలుగు మూలలనుంచి, రెండు నంబరు ప్లేట్లు కనబడేటట్లు, రోడ్డు మీది టైరు గుర్తులతో సహా తీసి, ఆ వెంటనే రోడ్డు ఖాళీ చేయండి. ఫొటోల కోసం అరగంట ట్రాఫిక్ ఆపడం మంచిది కాదు.

ఇప్పుడు బండి. ఇంజను ఆపించి, కింద ఏమి కారుతున్నదో చూడు. ఏసీ నీళ్ళు అయితే రంగూ వాసనా ఉండవు. ఆకుపచ్చగానో గులాబీగానో జిగటగా ఉంటే అది కూలెంటు, అంటే రేడియేటరు పగిలిందన్నమాట. పెట్రోలు వాసన వస్తే అందరినీ దూరం జరిపి, ఎవరి చేతిలోనైనా బీడీ ఉంటే ముందు ఆర్పించు. వేడి మీద ఉన్న రేడియేటరు మూత తెరవవద్దు. ఆ తరువాత ప్రతి టైరు పక్కగోడ మీద చేయి పెట్టి చూడు, కోత గాని ఉబ్బు గాని ఉంటే స్టెప్నీ వేయవలసిందే. చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఊడి టైరుకు తగులుతున్నదేమో, బానెట్ కొక్కెం పట్టుకొని ఉన్నదో లేదో చూడు. కొక్కెం చెడితే తాడుతో కట్టకుండా బండి కదలకూడదు, ఎందుకంటే పరుగులో లేచిన బానెట్ అద్దాన్ని మూసేస్తుంది. స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నా, తిప్పినప్పుడు చప్పుడు వచ్చినా, ఎయిర్‌బ్యాగు తెరుచుకొని ఉన్నా నడిపి తీసుకుపోయే ఆలోచన మానుకో.

"షెడ్డు నాలుగు కిలోమీటర్లే, మెల్లగా పోదాం" అన్నమాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కూలెంటు లేకుండా ఆ నాలుగు కిలోమీటర్లు నడిపితే ఇంజను పట్టేస్తుంది. గుద్దుకోవడం వల్ల కాక ఆ తరువాత నడపడం వల్ల జరిగిన నష్టమని బీమా కంపెనీ ఆ ఇంజను ఖర్చును సాధారణంగా ఇవ్వదు. ఎనిమిది వేల పని అక్కడ లక్ష దాటుతుంది. అందుకని టోయింగ్ బండి పిలవండి, పాలసీలోనే ఆ సదుపాయం ఉందేమో ముందు చూడండి, జాతీయ రహదారి మీద 1033 నంబరుకు చేసినా సాయం వస్తుంది. ఆటోమేటిక్ గేరు బండిని ముందు చక్రాలు నేల మీద దొర్లేటట్లు తాడు కట్టి లాగవద్దు, మొత్తం బండిని ఎత్తి పెట్టుకునే వాహనమే కావాలి. కరెంటు బండికీ అంతే, పైగా దాంట్లో నారింజ రంగు తీగ బయటపడితే ఎవరూ ముట్టుకోకూడదు. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారిలో టోయింగ్ బండి చేరడమే కష్టం, అప్పుడు ఓపిక తప్ప వేరే ఉపాయం నాకు తోచలేదు.

బీమా విషయంలో సభ్యులు తొందరపడతారు. క్లెయిమ్ చేయవలసిన ప్రమాదమైతే కంపెనీకి వెంటనే చెప్పాలి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు చూసే వరకు షెడ్డులో ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. కాని ప్రతి సొట్టకూ క్లెయిమ్ అక్కరలేదు. క్లెయిములు లేకుండా వరుసగా ఐదేళ్ళు గడిపినవారికి సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన బండికే జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం తగ్గింపు ఉంటుంది. దాన్నే నో క్లెయిమ్ బోనసు అంటారు. ఆ ప్రీమియం పదివేలు అనుకుందాం. ఒక్క క్లెయిముతో తగ్గింపు సున్నాకు పడి, తరువాత 20, 25, 35, 45 శాతాల మెట్లు మళ్ళీ ఎక్కాలి. అన్ని ఏళ్ళలో అదనంగా కట్టేది కూడితే పన్నెండువేల ఐదువందలు అవుతుంది. బోనసు కాపాడే అదనపు రక్షణ ఉంటే లెక్క వేరు. జీరో డెప్, అంటే భాగాల పాతదనానికి కోత వేయకుండా ఇచ్చే అదనపు రక్షణ, లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, మన బంపర్లన్నీ ప్లాస్టిక్కే. పైగా ప్రతి క్లెయిములో, 1500 సీసీ ఇంజను వరకు వెయ్యి, ఆపైన రెండువేలు ఎట్లాగూ మన జేబులోంచే పోతాయి. ఈ లెక్క కాగితం మీద వేసి ఆ సభ్యుడికి చూపించు, నిర్ణయం మాత్రం అతనికే వదిలెయ్యి. స్టీరింగు మీద ఉన్న కుర్రవాడికి లైసెన్సు లేనందువల్ల తండ్రి నడిపాడని క్లెయిములో రాయించమంటే మాత్రం ఆ కాగితం దగ్గర నీవు నిలబడవద్దు. స్నేహం పోతే పోనీ.

ప్రమాదం తరువాతి రెండు మూడు వారాలు మన క్లబ్బుకు ఎప్పుడూ గుర్తు ఉండవు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ పిల్లలను బడికి దింపేది ఎవరు, అమ్మను డయాలసిస్‌కు తీసుకుపోయేది ఎవరు అన్నది బండి దెబ్బతిన్న సభ్యుడికి డెంటింగు ఖర్చుకన్నా పెద్ద చింత. నీ దగ్గర ఒక పుస్తకం పెట్టుకొని, ఆ పనులను ముగ్గురు నలుగురికి పంచు. బండి తిరిగి వచ్చాక, అదే దారిలో మొదటిసారి నడిపేటప్పుడు పక్క సీట్లో ఎవరో ఒకరు కూర్చోవాలి, అదీ సలహాలు ఇవ్వకుండా కూర్చోగలవారు. అటువంటివారు మన క్లబ్బులో తక్కువే, వెతుక్కోవాలి.

నా డిక్కీలో ఉన్న రెండు జాకెట్లు, త్రికోణం, లాగే తాడు, టార్చి, టైరు గాలి నింపే పంపు ఇంటి ముందరి గదిలో ఒక సంచిలో పెట్టి ఉంచాను. టార్చిలో కొత్త బ్యాటరీలు వేయాలి. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే వచ్చి తీసుకుపో, మీ వదిన సర్వపిండి చేస్తానంటున్నది.

ఇట్లు,
మీ అన్న