కుమ్మరి సారె కొనకు హరీ, ముందు పెంకులు దంచు

అబ్బీ హరీ,

రాకు గిన్నెలు చేయడం నేర్చుకుంటానన్న నీ మెసేజీ చూశాను, పంపిన వీడియో కూడా చూశాను. రాకు అంటే గిన్నెను ఎర్రగా కాలుతుండగానే బట్టీలోంచి బయటికి లాగే పద్ధతి. ఎర్రగా కాలుతున్న గిన్నెను పటకారుతో పట్టి రంపపు పొట్టులో పెట్టడం, భగ్గున మంట లేవడం, మూత వేసెయ్యడం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అది చివరి రెండు నిమిషాల సంగతి. దాని ముందున్న నెల రోజుల పని ఎవరూ వీడియో తీయరు. కరెంటు సారె బుక్ చేస్తానన్నావే, అందుకే ఈ ఉత్తరం. చెయ్యొద్దు.

రాకుకు సారె అక్కర్లేదురా. 16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటోలో, సెన్ నో రిక్యూ అనే టీ గురువు కోసం చోజిరో చేసిన మొదటి రాకు గిన్నెలు చేత్తో మలిచినవి, సారె ఎక్కినవి కావు. నువ్వు చూసిన పొట్టూ పొగా తతంగం అసలు జపాన్‌ది కాదు. 1960లో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ అనే ఆయన మొదలుపెట్టాడు. రెండింటినీ రాకు అనే అంటారు, అక్కడే అందరికీ తికమక.

సారె అక్కర్లేదని మొదటిసారి విన్నప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. మా ఇంట్లో ఆడపిల్లలు సారె ముట్టుకోకూడదు. మట్టి మోయడం, రాళ్లు ఏరడం, తొక్కడం మాత్రం నాదీ మీ అమ్మదీ. నలభై దాటాక పుదుచ్చేరి వెళ్లి నేర్చుకుంటే, సారె మీద అందరికన్నా వెనక నేనే. మట్టి పదును తెలియకపోతే మాత్రం అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. కాబట్టి నీకు కూడా మట్టి దగ్గరే మొదలు.

మీ తాత కాగులు చేసిన చెరువు మట్టినే నేరుగా రాకుకు వాడితే పగులుతుంది. మన కుమ్మరి ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కుండ మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది. చల్లారకముందే చెయ్యి పెడితే మా నాయన చేతి మీద ఒక్కటిచ్చేవాడు. రాకులోనేమో సుమారు 1000 డిగ్రీల వేడిలో ఉన్న గిన్నెను ఒక్కసారిగా బయటికి లాగుతాం. ఆ దెబ్బ తట్టుకోవాలంటే, ముందే ఒకసారి కాలిన మట్టి పొడి కలపాలి. దాన్ని గ్రాగ్ అంటారు, కొనుక్కోవచ్చు. పాత కుండ పెంకులు రోట్లో దంచి జల్లించుకున్నా అదే పని చేస్తుంది. నాలుగు పాళ్ల ఎండు మట్టికి ఒక పాలు పొడి. దంచేటప్పుడు మూతికి టవల్ చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్క్ పెట్టుకో. ఆ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. దుమ్ము చీపురుతో ఊడవకు, తడిగుడ్డతో తుడువు.

ఇంకోటి, మన నల్లరేగడిలో తెల్లటి సున్నపు గుల్లలు ఉంటాయి. ఒకసారి నాకొక గిన్నె ఎంతో బాగా కాలింది. మురిసిపోయి అల్మారాలో పెట్టుకున్నాను. పది రోజుల తర్వాత చూస్తే అంచు కింద గోరంత పెచ్చు ఊడి పడింది, గుంటలో తెల్లటి చుక్క. కాలిన సున్నపు గుల్ల గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, మీదున్న మట్టిని నెట్టేస్తుంది. అందుకే మట్టిని నానబెట్టి, పలచగా కలిపి, సన్న జల్లెడలో వడకట్టు. విసుగు పని. ఫోన్‌లో పాటలు పెట్టుకుని చెయ్.

తర్వాత నారింజ కాయంత ముద్ద తీసుకో. మధ్యలో బొటనవేలు దించి, తిప్పుతూ నొక్కుతూ గోడ లేపు. మొదటి పది గిన్నెలు దాచుకోవద్దు, సన్న తీగతో నిలువునా కోసి చూడు. అడుగు లావుగా, అంచు పలచగా ఉంటే కాల్పులో పగిలేది అక్కడే. కోయడానికి మనసొప్పదు, తెలుసు. అయినా కోయి.

ఆరబెట్టేది నీడలో. మన అనంతపురం గాలికి అంచు ముందే ఎండిపోతుంది, దాని మీద కవరు కప్పు. ఎండిందో లేదో చెంపకు ఆనించుకుని చూడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఒకచోట నేర్పేవాళ్లు టైమ్ అయిపోతోందని తొందర పెడితే, చెంపకు చల్లగా తగులుతున్న గిన్నెను బట్టీలో పెట్టనిచ్చాను. కాసేపటికి టప్‌మని పేలింది. నాది పోతే పోయింది, పక్కనున్న ఇద్దరి గిన్నెలకూ పెంకులు తగిలి విరిగాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారే, ఆ రోజు గుదియ నేనే.

మొదటి కాల్పు సుమారు 950 డిగ్రీల దాకా, మెల్లగా. దాని మీద పూసే గ్లేజు, అంటే కాలాక గాజులా మెరిసే పూత, సీసం లేనిదని అడిగి మరీ కొను. రెండో కాల్పే నువ్వు వీడియోలో చూసింది. మొదటి ఏడాది సొంత బట్టీ జోలికి పోవద్దు, నేర్పేచోట కాల్చుకో. సాయంత్రం చీకటి పడే వేళ మంచిది, మిట్టమధ్యాహ్నం ఎండలో గిన్నె ఎంత ఎర్రబడిందో కళ్లకు ఆనదు. గ్లేజు ముందు బుడగలు బుడగలుగా ఉడుకుతుంది. ఆ బుడగలు అణిగి, నీళ్లు పోసినట్టు నిగనిగలాడితే తీసే సమయం వచ్చినట్టు. బయటికి తీయగానే చెవి పెట్టు, టిక్ టిక్‌మని సన్నగా వినిపిస్తుంది. గ్లేజు బీటలు తీస్తున్న చప్పుడు అది. తెల్ల గ్లేజైతే కొన్ని సెకన్లు ఆగి పొట్టులో పెట్టు, ఆ బీటల్లోకి పొగ దూరి నల్లటి గీతలు పడతాయి. రాగి కలిసిన గ్లేజైతే ఆగొద్దు, వెంటనే పెట్టి మూసెయ్. మనకు రంపపు పొట్టే కావాలని లేదు, శెనక్కాయ పొట్టు ఉండనే ఉంది. ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. మూత మళ్లీ తెరిచేటప్పుడు మొహం పక్కకు తిప్పుకో, గాలి తగలగానే మంట పైకి లేస్తుంది. ఒంటి మీద నూలు బట్టలే, కాళ్లకు తోలు బూట్లు. నైలాన్ టీషర్ట్‌తో వస్తే నేనే వెనక్కి పంపిస్తాను.

మీ అమ్మకు టీ కప్పుల సెట్టు చేసిస్తానన్నావట. ఆ మాట వెనక్కి తీసుకో. పొట్టులో పొగబెట్టిన గిన్నె నీళ్లు పీలుస్తుంది, బీటల్లో మురికి చేరుతుంది, రాగి గ్లేజు నోటికి తగలకూడదు. ప్రమిద చేసినా నూనె ఊరుతుంది. తాళం చెవులో గాజులో వేసుకునే గిన్నె చేసివ్వు, చాలు.

ఉగాదికి వచ్చేటప్పుడు చెరువు మట్టి ఒక బకెట్ తీసుకురా. పెంకులు వెతకొద్దు. మీ తాత చేసిన బాన మొన్న వానకు పెరట్లో పగిలింది, గోనెసంచిలో కట్టి పెట్టాను. రోలు మాత్రం నువ్వే మోయాలి, నా నడుము ఒప్పుకోదు.

మీ పెద్దమ్మ