ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రా మొదలుపెట్టిన మా అక్క కొడుకుకు

హనుమకొండ

చిరంజీవికి చిన్నమ్మ ఆశీస్సులు.

మీ కాలేజీలో పదిమంది మిత్రులు కలిసి ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రా (ఒక్కొక్కరు తమ ల్యాప్‌టాప్‌లో రాసుకున్న ప్రోగ్రాంనే వాద్యంగా వాయించే బృందం) మొదలుపెట్టారనీ, కంప్యూటర్ ప్రోగ్రాములు చాలావరకు సిద్ధమయ్యాయనీ, వార్షికోత్సవానికి వేదిక ఎక్కాలనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అమెరికాలో చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటి బృందంలో వాయించాను. ఇక్కడికి వచ్చాక కూడా ఈ సంగీతాన్ని వదల్లేదు. నువ్వు పంపిన ప్రశ్నలన్నిటికీ వరుసగా జవాబులు రాయను. వాటన్నిటి వెనుక నాకు కనిపిస్తున్న సంగతి ఒక్కటే, దాన్నే పట్టుకొని రాస్తాను: మీరు కోడ్ రాయడం తగ్గించి సాధన పెంచాలి.

వయొలిన్ నేర్చుకునే పిల్ల తెల్లవారేసరికి దానికి ఐదో తీగ కట్టుకొని క్లాసుకు రాదు. మీకు ఆ అడ్డు లేదు. ప్రోగ్రాం రాయగలిగినవాడు రాత్రికి రాత్రి తన వాద్యాన్ని మార్చేసి మరునాడు రిహార్సల్‌కు కొత్తదానితో వస్తాడు, అది బాగానే మోగుతుంది కూడా. కానీ చేతికి అలవాటు కాని వాద్యంతో పక్కవాళ్లను వినడం సాధ్యం కాదు, ఎందుకంటే మనసంతా తన తెర మీదే ఉంటుంది. పదిమందీ అలాగే వస్తే అక్కడ పది ప్రదర్శనలు ఒకేసారి జరుగుతాయి తప్ప బృంద కచేరీ జరగదు. అందుకని కచేరీకి నెల ముందు కోడ్‌కు తాళం వేయండి. ఆ తరువాత దోషాలు సరిచేయడానికి తప్ప ఎవరూ ఫైలు తెరవకూడదని అందరూ ముందే ఒప్పుకోండి. ఈ నియమం మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, అయినా దీని విషయంలో మెత్తబడవద్దు.

ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రా పుట్టిన తీరు తెలిస్తే నా మాట ఎందుకు ఇంత గట్టిగా ఉందో అర్థమవుతుంది. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మ్యాక్స్ మాథ్యూస్ కంప్యూటర్ చేత సంగీతం పలికించినప్పుడు, యంత్రం ముందుగా లెక్కలన్నీ పూర్తిచేసుకున్నాకే ధ్వని వినిపించేది; మనిషి దాన్ని ఎదురుగా కూర్చొని వాయించే వీలు లేదు. 1978 నాటికి కాలిఫోర్నియాలో కొందరు స్వరకర్తలు 1 కిలోబైటు జ్ఞాపకశక్తి ఉన్న కిమ్-1 అనే చిన్న కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, ఒకరి యంత్రం పక్కవారి యంత్రానికి జవాబు చెప్పేలా కచేరీలు చేశారు. 2005లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో డాన్ ట్రూమన్, పెర్రీ కుక్ ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రాను నిలబెట్టారు. అక్కడ వారి విద్యార్థిగా ఉన్న గె వాంగ్ 2008లో స్టాన్‌ఫోర్డ్‌లో మరొకటి పెట్టాడు. మీరు వాడుతున్న చక్ అనే సంగీత ప్రోగ్రామింగ్ భాషను రూపొందించినవాడు కూడా అతనే, కుక్‌తో కలిసి. ట్రూమన్ స్వయంగా ఫిడేలు విద్వాంసుడు. కమాను పట్టిన చేతికి తీగ ఎలా బదులిస్తుందో, తన వాద్యం పక్కనున్న వాద్యాలతో గాలిలో ఎలా కలుస్తుందో తెలిసినవాడు కాబట్టే, ఆ అనుభవం కంప్యూటర్‌కు కూడా ఉండాలని పట్టుబట్టాడు.

దానికి వాళ్లు చూపిన దారి స్పీకరు. ప్రతి వాద్యకారుడి పక్కన, నేల మీద, అర్ధగోళాకారంలో ఒక స్పీకరు. అందులో ఆరు దిక్కులకు ఆరు చిన్న స్పీకర్లు. స్టాన్‌ఫోర్డ్ వాళ్లు వీటిని సలాడ్ కలుపుకునే కొయ్య గిన్నెలకు రంధ్రాలు చేసి, కార్లలో బిగించే స్పీకర్లు పెట్టి తయారుచేసుకున్నారు. నువ్వు మాత్రం హాలులో ఉన్న పెద్ద సౌండ్ సిస్టమ్‌కు పది ల్యాప్‌టాప్‌లనూ మిక్సర్ ద్వారా కలుపుతామని రాశావు. దయచేసి ఆ పని చేయవద్దు. అలా కలిపితే పది ధ్వనులూ వేదికకు రెండు వైపులా ఉన్న రెండు పెట్టెల్లోంచే వస్తాయి; ఏది ఎవరిదో శ్రోతకు తెలియదు, అంతకంటే నష్టమేమిటంటే వాయించేవాడికే తెలియదు. తన ధ్వని తన మోకాలి పక్కనుంచి వచ్చినప్పుడే, ఎక్కువైతే తగ్గించాలన్న ఇంగితం చేతికి వస్తుంది. కార్లకు ఆడియో బిగించే దుకాణాలు వరంగల్‌లో చాలా ఉన్నాయి, చిన్న ఆంప్లిఫయర్లు కూడా అక్కడే దొరుకుతాయి. స్టీలు గిన్నె మాత్రం వద్దు, అది తన సొంత మోత కలుపుతుంది. గిన్నెలు చేయించే డబ్బు లేకపోతే మనిషికొక మామూలు స్పీకరు, మూతి పైకి ఉండేలా నేల మీద పెట్టుకున్నా చాలు. స్టాన్‌ఫోర్డ్ పిల్లలు నేల మీద దిండ్లు వేసుకొని కూర్చుంటారు. మన కచేరీ సంప్రదాయంలో అది కొత్తేమీ కాదు కాబట్టి మీరూ జంపఖానా పరుచుకొని కూర్చోండి. బల్లలూ కుర్చీలూ ఉంటే ముఖాలు తెరల వెనుక దాగుతాయి.

ఇక వాద్యం సంగతి. నువ్వు పంపిన ప్రోగ్రాంలో పద్నాలుగు స్లైడర్లు (తెర మీద జరిపి ధ్వనిని మార్చే గుర్తులు) ఉన్నాయి. వాటిలో మూడు ఉంచు. మూడింటినీ వేర్వేరుగా కాక ఒకదానితో ఒకటి ముడిపెట్టు: మీట నొక్కి ఉంచినంతసేపే ధ్వని పలకాలి, ట్రాక్‌ప్యాడ్ మీద వేలు కదిలే వేగాన్ని బట్టి అది బలపడాలి, వేలు ఆగిపోతే మెల్లగా అణగిపోవాలి. అప్పుడు ధ్వనిని నిలబెట్టడానికి చేయి పనిచేస్తూనే ఉండాలి, చేయి పనిచేస్తున్నట్టు ఎదురుగా కూర్చున్నవారికి కనిపిస్తుంది. ఒక మీట నొక్కి చేతులు కట్టుకొని కూర్చుంటే నాలుగు నిమిషాలు దానంతటది మోగే ప్రోగ్రాం వాద్యం కాదు, రికార్డింగు. స్టాన్‌ఫోర్డ్ బృందం గోల్ఫ్ వీడియో గేమ్ కోసం తయారైన గేమ్‌ట్రాక్ అనే పరికరాన్ని వాడుతుంది. రెండు చేతులకూ రెండు తాళ్లు ఉంటాయి, లాగిన పొడవూ దిశా కంప్యూటర్‌కు తెలుస్తాయి. మీకు అది దొరకకపోయినా ఫోనులో ఉన్న కదలిక సెన్సారుతో అటువంటి పని చేయవచ్చు.

మీట నొక్కాక ధ్వని వచ్చేలోపు జరిగే ఆలస్యం గురించి నువ్వు పడుతున్న బెంగ అవసరమైనదానికంటే ఎక్కువ. సెకనుకు 44,100 ధ్వని నమూనాల లెక్కన, 256 నమూనాల బఫర్ (పలికించేముందు ధ్వనిని పోగుచేసుకునే చోటు) పెడితే దాని వల్ల కలిగే ఆలస్యం దాదాపు 6 మిల్లీసెకన్లు. పది మీటర్ల వేదికకు ఆ చివర ఉన్నవాడి ధ్వని ఈ చివరకు గాలిలో చేరడానికే దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి బఫర్‌ను ఇంకా కుదించి చిటపటలు తెచ్చుకునే బదులు దగ్గరగా, అర్ధచంద్రాకారంలో కూర్చోండి.

నెట్‌వర్క్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. కాలేజీ వైఫైని నమ్మవద్దు. సొంత రౌటర్ పెట్టుకొని, వీలైతే కేబుల్‌తో కలపండి. ఒక యంత్రం నుంచి మిగతావాటికి మీరు పంపే తాళం సంకేతాలు యూడీపీ పద్ధతిలో వెళ్తాయి, అందులో సందేశం చేరుతుందన్న హామీ ఉండదు. ‘తరువాతి అక్షరానికి (తాళంలో ఒక లెక్కకు) వెళ్లు’ అని మాత్రమే పంపితే, ఒక్క సందేశం తప్పిపోయినవాడు పాట చివరిదాకా ఒక అక్షరం వెనుకే ఉంటాడు. ‘ఇది 37వ అక్షరం’ అని ప్రతిసారీ సంఖ్యతో పంపితే, ఒకటి తప్పినా మరుసటి సంకేతంతో వరుసలోకి వస్తాడు.

ఒగ్గుకథకు వాయించే డోలు ధ్వనులను రికార్డు చేసి వాడతామన్నావు. ఈ ఆలోచన నాకు నచ్చింది, అయితే సగమే నచ్చింది. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు మల్లన్న జాతరలో పట్నాలు (రంగు పొడులతో వేసే ముగ్గులు) వేసే ఒగ్గు పూజారుల దగ్గర డోలు ఎంత గంభీరంగా మోగుతుందో నువ్వు చిన్నప్పటి నుంచి విన్నదే. దాన్ని ముక్కలు చేసి మీటలకు తగిలించేకంటే, డోలు వాయించేవారినే పిలిచి మీ మధ్య కూర్చోబెట్టుకోండి. ఇవ్వవలసిన పారితోషికం ముందే మాట్లాడుకొని, మీ ఖర్చుల జాబితాలో మొదట రాసుకోండి. జాకిర్ హుస్సేన్ అంతటి విద్వాంసుడు ప్రిన్స్‌టన్ బృందంతో కలిసి తబలా వాయించారు, కాబట్టి ఇది జరగని పని కాదు. అలా చేసినప్పుడు మీ కంప్యూటర్ గడియారం తాళాన్ని డోలు వాయించే ఆయన మీద రుద్దకండి. కథ వేడెక్కిన కొద్దీ నడక పెరుగుతుంది, యంత్రం దాన్ని కనిపెట్టలేదు. మీలో ఒకరు మరే వాద్యం ముట్టుకోకుండా, ఆయన చేతులు చూస్తూ దెబ్బదెబ్బకూ ఒక మీట నొక్కుతూ ఉంటే, ఆ నొక్కులే మిగతా తొమ్మిది యంత్రాలకూ తాళమవుతాయి. ఆ పని మీలో లయజ్ఞానం బాగా ఉన్నవారికి ఇవ్వండి. ప్రోగ్రాం బాగా రాసేవారికి కాదు.

రిహార్సల్‌లో మొదటి పావుగంట తెరలు సగం దించి, ఒకరి తరువాత ఒకరు ఒకే స్వరం పట్టి పక్కవారి బలానికి సరిగ్గా సరిపెట్టే అభ్యాసం చేయండి. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ బృందాన్ని తయారుచేసేది అదే. చేతి సైగలు చేసే నాయకుడు ఒకరు ఉండాలి, ఆ బాధ్యత పాటపాటకూ మారాలి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఎర్తింగ్ సరిగా లేని హాలులో చార్జర్లు పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమని హోరు వస్తుంది; ల్యాప్‌టాప్‌లను నిండా చార్జ్ చేసుకొని బ్యాటరీ మీదే వాయించండి, స్పీకర్లకు మాత్రం యూపీఎస్ ఉంచండి. అప్‌డేట్లు, నోటిఫికేషన్లు, తెర నిద్రపోవడం అన్నీ ఆపేయండి. వేసవిలో అయితే యంత్రాల లోపలి ఫ్యాన్లూ, హాలు సీలింగ్ ఫ్యాన్లూ కలిసి మీ సన్నని ధ్వనులను మింగేస్తాయి, కాబట్టి చాలా మెల్లని పాటలు చలికాలానికి దాచుకోండి.

కోడ్‌ను తెర మీద చూపించాలా అని అడిగావు. వేదిక మీదే కోడ్ రాస్తూ వాయించేవారికి అది న్యాయమైన సంప్రదాయం, వాళ్ల వాద్యం ఆ రాతే. మీ వాద్యం మీ చేతులు. జనం వాటినే చూడనివ్వండి. ఒక్కో పాట ఎనిమిది నిమిషాలు మించకుండా, ముందు ఉపన్యాసం లేకుండా మొదలుపెట్టండి.

చివరి సంవత్సరం వాళ్లు వెళ్లిపోయాక పాటలు కూడా వాళ్లతోపాటే పోవడం ఇలాంటి బృందాలన్నిటికీ ఉన్న బాధ. ప్రతి పాటకూ కాగితం మీద స్వరపత్రం రాయండి: ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరిని వినాలి, ధ్వని ఎలా ఉండాలి అన్నది మామూలు తెలుగులో, ఏ సాఫ్ట్‌వేర్ పేరూ లేకుండా. అయిదేళ్ల తరువాత చక్ ప్రోగ్రాం పనిచేయకపోయినా ఆ కాగితం చూసి మరో వాద్యం కట్టుకోవచ్చు. మొదటి సంవత్సరం పిల్లలు ఇద్దరిని ఇప్పుడే చేర్చుకొని, ఆ పత్రాలు వాళ్ల చేతనే రాయించండి.

నా పాత రౌటరూ, రెండు కొయ్య గిన్నె స్పీకర్లూ మీ అమ్మతో పంపిస్తున్నాను. ఒకదానిలో పైన ఉన్న చిన్న స్పీకరు కాగితం చిరిగింది, అది మార్పించాకే వాడండి.

ఆశీస్సులతో,
మీ చిన్నమ్మ