హ్యాక్‌బెర్రీయా, షుగర్‌బెర్రీయా?

ప్రశ్న: అమెరికాలోని మిస్సోరీలో ఏటి గట్టున పక్కపక్కనే రెండు చెట్లున్నాయి. ఒకటి హ్యాక్‌బెర్రీ, రెండోది షుగర్‌బెర్రీ అంటున్నారు. రెండింటి బెరడు మీదా బుడిపెలే. తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు: బెరడు చూసి తేల్చకండి. బెండులాంటి బుడిపెలు హ్యాక్‌బెర్రీకి దట్టంగా, షుగర్‌బెర్రీకి అక్కడక్కడా వస్తాయి గానీ చెట్టు వయసును బట్టి ఈ లెక్క తారుమారవుతుంది. ఆకు మొదలు ఒక పక్కకు వాలినట్టుండటం, అక్కడే మూడు ఈనెలు చీలడం రెండింటికీ ఉన్న గుణాలే.

పండ్లున్న, ఎండ తగిలే కొమ్మ నుంచి పది ఆకులు కోయండి. హ్యాక్‌బెర్రీ ఆకు వెడల్పుగా ఉంటుంది, పొడవు సాధారణంగా వెడల్పుకు రెండింతలు దాటదు. అంచున చాలా మేర రంపపు పళ్లుంటాయి, పైభాగం తరచు వేలికి గరుకుగా తగులుతుంది. షుగర్‌బెర్రీ ఆకు సన్నగా, ఈటె మొనలా సాగి ఉంటుంది. అంచుకు పళ్లుండవు, ఉన్నా ఏవో కొన్ని. చెట్టు మొదలు దగ్గర పుట్టిన పిలకల ఆకులు మాత్రం కోయొద్దు. షుగర్‌బెర్రీ పిలకలకూ పళ్లున్న ఆకులు వస్తాయి, చాలామంది పొరబడేది ఇక్కడే.

తర్వాత పండు. హ్యాక్‌బెర్రీ పండు సుమారు 7–11 మిల్లీమీటర్లు, పండితే ముదురు ఊదా. షుగర్‌బెర్రీది 5–8, నారింజ నుంచి ఎరుపు, గోధుమ రంగు. కొలతలు కలిసే చోట గుజ్జు తీసి టెంకను కొలవండి. ఎండితే గుజ్జు ముడుచుకుంటుంది, టెంక ముడుచుకోదు. హ్యాక్‌బెర్రీ టెంక పొడవు 7–9, షుగర్‌బెర్రీది 7కి మించదు. ఒక్క టెంకతో సరిపెట్టక పదింటి సగటు తీయండి.

ఆకు ఒకటి చెబుతూ టెంక మరొకటి చెబితే, అది సంకరం కావచ్చు. రెండు జాతులూ కలిసి పెరిగే చోట మధ్యస్థ రూపాలు కనబడుతూనే ఉంటాయి. అలాంటి చెట్టుకు బలవంతంగా ఒక పేరు పెట్టడం కన్నా 'మధ్యస్థం' అని రాసుకోవడమే సరైన పని.

ప్రశ్న: ఒక చెట్టుకు రెమ్మలు చీపురు కట్టల్లా గుబురుగా వస్తున్నాయి. మందు కొట్టాలా?

జవాబు: అవసరం లేదు. ఒక రకం నల్లి (మొక్కల మీద బతికే అతి చిన్న పురుగు), బూడిద తెగులు శిలీంధ్రం కలిసిన చోట ఇవి కనబడతాయి. చూపుకు బాగోదంతే, చెట్టు చావదు. అందినంత వరకు కత్తిరించండి. హ్యాక్‌బెర్రీకి ఇది మామూలు, షుగర్‌బెర్రీకి బాగా తక్కువ.