కమిట్ అయ్యాక కోచ్ మారితే అమ్మాయి సంగతేంటి?

అమెరికాలో ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీకి సాకర్ ఆడతానని మీ అమ్మాయి నోటిమాట ఇచ్చింది, ఇప్పుడు కోచ్ వెళ్ళిపోయారు, ఆఫర్ ఉంటుందా అని అడిగారు. గ్యారంటీ లేదండి. నోటిమాటకు ఇటు పిల్లా కట్టుబడక్కర్లేదు, అటు కాలేజీ కూడా. కొత్తగా వచ్చిన కోచ్‌లు తమ ఆటతీరుకు సరిపోయేవాళ్ళనే తెచ్చుకోవాలని చూస్తారు, పైగా 2025 హౌస్ సెటిల్‌మెంట్‌లో (కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వొచ్చన్న కోర్టు ఒప్పందం) చేరిన కాలేజీల్లో జట్టుకు 28 మందే కాబట్టి పాత కోచ్ మాటిచ్చిన పిల్లలకే ముందు కోత పడొచ్చు. స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకాలు అయిపోయుంటే వేరే లెక్క. అది కోచ్‌తో కాదు, కాలేజీతో ఒప్పందం, ఆట బాలేదని ఆ గడువులో డబ్బు ఆపలేరు (మైదానంలోకి దింపుతారా అన్నది వేరే సంగతి). కొత్త కోచ్ రాగానే అమ్మాయి చేతే ఫోన్ చేయించండి, మీరు కాదు. జవాబు నాన్చుతుంటే వేరే కాలేజీలకు వీడియోలు పంపడం మొదలుపెట్టేయండి.