మారుతి సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నువ్వు పంపిన మూడు బండ్ల ఫొటోలూ, ఆర్సీ కాపీలూ తీరిగ్గా చూశాను. ఒకటి 2016 నాటి స్విఫ్ట్ డీజిల్, రెండోది 2018 నాటి బలెనో పెట్రోలు, మూడోది 2019 నాటి ఒక లీటరు ఇంజను వ్యాగన్ ఆర్. ఐదు లక్షల్లో ముగించాలనుకోవడం తెలివైన పనే. కానీ చివర్లో "అన్నీ మారుతివే కదా మామయ్యా, ఏది తీసుకున్నా నష్టం ఉండదు" అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ముప్ఫై ఏళ్లకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపినవాణ్ణి. ఆ ఒక్క నమ్మకంతో బండి కొని, నెల తిరగకుండా నా దగ్గరికి తోలుకొచ్చినవాళ్లు ఎంతమందో లెక్క పెట్టలేదు.

మారుతి బలం నీకు తెలిసినదే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన నాటి నుంచి ఈ దేశంలో ప్రతి మెకానిక్కూ ఆ కంపెనీ బండ్ల మీదే చేయి తిరిగింది. క్లచ్ ప్లేటైనా, వీల్ బేరింగైనా, సైడు అద్దమైనా ఏ చిన్న ఊళ్లోనైనా గంటల్లో దొరుకుతుంది, అదీ కంపెనీదీ బయటిదీ రెండు ధరల్లో. అమ్మబోతే వారంలో కొనేవాడు వస్తాడు. అయితే ఈ సుఖానికి వెల కట్టేది సెకండ్ హ్యాండులో కొనేవాడే. అదే సంవత్సరం, అదే పరిమాణం ఉన్న వేరే కంపెనీ బండి కంటే మారుతికి ఎక్కువ అడుగుతారు, అందుకే అరిగిపోయిన బండి కూడా పేరు చెప్పుకుని మంచి ధరకు పోతుంది. కాబట్టి నువ్వు పేరుకు డబ్బు ఇవ్వకూడదు. ఏ ఇంజను, ఏ సంవత్సరం, ఎవరి చేతిలో తిరిగింది అన్న మూడింటికే ఇవ్వాలి.

ముందు ఇంజను సంగతి చెబుతాను. 800లోనూ, ఆల్టో 800లోనూ ఉన్నది పాత 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను. దానికి టైమింగ్ బెల్టు, అంటే ఇంజను వాల్వులను వేళకు తెరిచి మూయించే రబ్బరు పట్టీ, ఉంటుంది, ఎప్పుడు మార్చారో బిల్లు చూడాలి. ఆ తరవాత వచ్చిన కె సిరీస్ పెట్రోలు ఇంజన్లు, అంటే కె10 ఆల్టో, 2010 తరవాతి వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, బలెనోల్లో ఉన్నవి, ఆ పట్టీకి బదులు చెయిన్‌తో నడుస్తాయి. వేళకు ఆయిలు మార్చి నడిపినవి లక్షన్నర కిలోమీటర్ల దాకా పెద్ద పని పెట్టకుండా నడవడం మామూలే. ఆయిలు మార్చకుండా నడిపితే అదే చెయిన్ సాగి, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గొలుసు గలగలలాడినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఒకటి రెండు క్షణాలకు మించి వినిపిస్తే, ఓనరు ఎంత మంచివాడైనా ఆ బండి వద్దు.

ఇక నీ జాబితాలోని స్విఫ్ట్ డీజిల్ ఇంజను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది ఫియట్ వాళ్లు రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్. మారుతి దాన్ని 2007లో స్విఫ్ట్‌లో పెట్టింది. తరవాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, విటారా బ్రెజా దాకా వెళ్లింది. ఫియట్ పుంటోలోనూ, టాటా విస్టాలోనూ ఉన్నది అదే ఇంజను కాబట్టి దాన్ని భారతదేశపు జాతీయ ఇంజను అని సరదాగా అనేవారు. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం మీద బీఎస్6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ బండ్లు అమ్మడమే మానేసింది. హైవే మీద రోజూ వంద కిలోమీటర్లు నడిపేవాడికి ఇంత చక్కటి ఇంజను దొరకడం కష్టం. కానీ నీ నడక వేరు. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పది పన్నెండు కిలోమీటర్లు, నెలకొకసారి విజయవాడకు ఇటు రెండు వందల డెబ్భై, అటు రెండు వందల డెబ్భై. ఇంజను పూర్తిగా వేడెక్కే లోపే ఆఫీసు వస్తే, పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది. ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు (ఆర్పీఎం) దాటితే గానీ, అదనపు గాలి నెట్టి బలమిచ్చే టర్బో అందుకోదు కాబట్టి, మెల్లగా కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టి నడపక తప్పదు, క్లచ్ త్వరగా పోతుంది. పదేళ్లు దాటబోతున్న డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో, హై ప్రెషర్ పంపు అన్నీ ఒకేసారి వృద్ధాప్యానికి వస్తాయి. ఒక్కొక్కటీ వేల రూపాయల పని. ఆ ఖర్చు రెండు మూడేళ్ల పెట్రోలు ఖర్చును మింగేస్తుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షల కారణంగా అక్కడి బండ్లు చాలా చవగ్గా మన వైపు వచ్చాయి. ఎవడైనా అలాంటిది చూపించి "అరవై వేలే తిరిగింది" అంటే నమ్మకు, ఆ బండి మీద ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాల్సిందే. నీ స్విఫ్ట్‌ను నేను మొదటే కొట్టేశాను.

కొట్టేయడానికి ఇంకొక కారణం ఉంది. ఆ రోజుల్లో స్విఫ్ట్ కింది రకాల్లో ఎయిర్‌బ్యాగులు ఉండేవి కావు. ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు గుద్ది చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి. 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అన్ని రకాల్లోనూ ఇచ్చారు, అయినా వచ్చినవి రెండు స్టార్లే. 2019 వ్యాగన్ ఆర్‌కూ రెండే. 2018లో పరీక్షించిన విటారా బ్రెజాకు నాలుగు వచ్చాయి. ఈ కంపెనీ సెకండ్ హ్యాండ్ బండ్లలో బలహీనత ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇంజను గురించి ఎప్పుడూ చెప్పను, రేకు గురించే చెబుతాను. చిన్నబాబును వెనక సీట్లో కూర్చోబెట్టి నార్కెట్‌పల్లి దాటాక లారీల మధ్య నడిపేవాడివి నువ్వు. పాత మోడల్ చవగ్గా వస్తోందని ఎయిర్‌బ్యాగు లేని బండి ఎక్కవద్దు. ఈ ఒక్క విషయంలో నేను బేరం ఒప్పుకోను.

వ్యాగన్ ఆర్ సంగతికి వస్తే, దాని ఎత్తైన సీటు మీ అమ్మ మోకాళ్లకు దేవుడిచ్చిన వరం. వంగి దూరాల్సిన పని లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. హైదరాబాదు ఇరుకు సందుల్లో పార్కింగుకు దీనికి సాటి లేదు. కానీ ఒక లీటరు మూడు సిలిండర్ల ఇంజను నలుగురు కూర్చుని ఏసీ వేసుకుంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆపసోపాలు పడుతుంది, హైవే మీద ఎదురుగాలికి ఆ నిలువెత్తు బండి ఊగుతుంది. అదే వ్యాగన్ ఆర్‌లో 2019 నుంచి 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను కూడా ఇచ్చారు. వెతికితే అది దొరకకపోదు. నువ్వు చూసిన బండికి ఇంకొక పరీక్ష ఉంది. 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 మధ్య తయారైన ఒక లీటరు వ్యాగన్ ఆర్‌లనూ, 2019 జనవరి 8 నుంచి నవంబరు 4 దాకా తయారైన పెట్రోలు బలెనోలనూ ఫ్యూయల్ పంపు దోషం ఉండవచ్చని 2020 జూలైలో కంపెనీయే వెనక్కు పిలిచింది. రెండూ కలిపి 1,34,885 బండ్లు. అంతకు ముందు 2019 ఆగస్టులో ఫ్యూయల్ పైపు విషయంలో 40,618 వ్యాగన్ ఆర్‌లను పిలిచింది. ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు ఇస్తే, ఆ బండికి ఆ పని చేశారో లేదో సర్వీసు సెంటరువాళ్లు కంప్యూటరులో చూసి చెబుతారు. చేయకపోతే ఉచితంగా చేయించుకోవచ్చు. రీకాల్ అయిందని బండిని తిట్టుకోవద్దు, పని చేయించిన బండి నిక్షేపం. ఆ ఫోను పిలుపును పట్టించుకోని ఓనరు మిగతావి ఏం పట్టించుకున్నాడో అనేదే నా అనుమానం.

మిగిలింది బలెనో. మూడింటిలో నా మనసు దీని మీదే ఉంది. 2015 అక్టోబరులో వచ్చిన రోజు నుంచీ కింది రకంలోనూ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఇచ్చారు. 1.2 పెట్రోలు ఇంజను మెత్తగా నడుస్తుంది, వెనక సీటు విశాలం, డిక్కీ పెద్దది. దీని బలహీనత తేలికతనం. తలుపు వేస్తే గట్టి చప్పుడు రాదు, గుంతలో పడితే చప్పుడు లోపలికి వస్తుంది. స్టీరింగ్ దగ్గర, ముందు సస్పెన్షన్ లింకుల దగ్గర టకటక చప్పుడు వస్తుందేమో చూసుకోవాలి, వస్తే చిన్న పనే. నువ్వు చూసినది మాన్యువల్ గేరు బండి కావడం మంచిదైంది. సీవీటీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు నడిపేటప్పుడు పట్టులా ఉంటుంది గానీ, ఆయిలు మార్చని సెకండ్ హ్యాండ్ బండిలో అది పాడైతే బాగుచేసే చేతులు తక్కువ. సెలేరియోతో 2014లో మొదలైన ఏజీఎస్ అనే ఇంకో రకం ఆటోమేటిక్ గేరుబాక్సు సంగతి వేరు. అది మామూలు గేరుబాక్సుకే యంత్రంతో క్లచ్ నొక్కించే ఏర్పాటు. ఎత్తు మీద ఆపి, బ్రేకు వదిలి కదిలించినప్పుడు కుదుపు వస్తే లోపల అరుగుదల మొదలైనట్టే.

బజారులో ఇంకెవరో చవగ్గా చూపిస్తారని రెండు పేర్లు ముందే చెబుతున్నాను. 2015లో వచ్చి 2017కల్లా ఆగిపోయిన సెలేరియో డీజిల్, రెండు సిలిండర్ల చిన్న ఇంజను, ఊరికే ఇచ్చినా వద్దు. ఎస్ క్రాస్ 1.6 డీజిల్ నడపడానికి అద్భుతం, కానీ ఆ ఇంజను మనదేశంలో ఎక్కువ కాలం ఉండలేదు, దాని పార్టు కావాలంటే ఖర్చూ ఎదురుచూపూ రెండూ భరించాలి. మారుతి కొనడానికి ఉన్న ప్రధాన కారణమే అక్కడ పోతుంది. అదే సమయంలో ఎవరూ పట్టించుకోని మంచి బండి సియాజ్ పెట్రోలు. సెడాన్లంటే జనానికి మోజు తగ్గింది కాబట్టి దాని ధర బాగా దిగింది. వెనక కాళ్లు చాచుకునే చోటు దాని ధరలో ఇంకే బండిలోనూ ఉండదు. మీ అమ్మకు సీటు కిందికి ఉంటుందన్న ఒక్క కారణంతోనే దాన్ని నీకు గట్టిగా చెప్పలేకపోతున్నాను. 2018 మే నుంచి 2020 అక్టోబరు దాకా తయారైన పెట్రోలు సియాజ్, ఎర్టిగాలకు ఇంజనుకు తోడుగా ఉండే మోటారు జనరేటర్ విషయంలో 2021లో ఒక రీకాల్ ఉంది, అదీ అడగాలి.

బలెనో నంబరు ఏపీ 16తో మొదలైంది, బండి ఇప్పుడు విజయవాడలోనే ఉంది. అందుకే నాకు రెండు అనుమానాలు. మొదటిది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేటల్లో వేల బండ్లు నీళ్లలో నిలిచాయి. అలాంటివి కడిగి, పాలిష్ పట్టి, పక్క జిల్లాలో అమ్మేవాళ్లు ఉంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు. దాని అడుగుభాగంలో మట్టిగీత ఉంటే ఎవరు ఏమి చెప్పినా వినవద్దు. స్టెప్నీ ఎత్తి కింద తడిమట్టి, సీటు పట్టాల మీద తుప్పు, హెడ్‌లైటు లోపల ఆవిరి, కార్పెట్ ముక్క వాసన అన్నీ చూడు.

రెండోది మీటరు. నలభై వేలు తిరిగిందని అమ్మినవాడు చెప్పిన ఒక బండిని నా తమ్ముడి కోసం నేనే కొన్నాను. ఎక్కడివాడో చెప్పను గానీ నోరు తీపి మనిషి. సర్వీసు చరిత్ర తీయించకుండా కొన్నానంటే ముప్ఫై ఏళ్ల అనుభవం ఒక్క పూటలో గాలికి పోయినట్టే. మూడు నెలల తరవాత తెలిసింది, రెండేళ్ల క్రితం సర్వీసులోనే మీటరు లక్షా పది వేలు చూపించిందట. మారుతి అధికారిక సర్వీసుల రికార్డు దేశమంతా ఒకే చోట ఉంటుంది. ఓనరు తన నంబరుతో అడిగితే చూపిస్తారు. చూపించడానికి ఓనరు తటపటాయిస్తే అదే నీకు సమాధానం. రికార్డు బాగున్నా బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు అంచు, స్టీరింగ్ తొడుగు, మీటరు అంకె ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడు. ముప్ఫై వేల బండికి పెడల్ రబ్బరు నున్నగా అరగదు. డిజైర్, వ్యాగన్ ఆర్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మారిన బండ్లు వీటిలో ఎక్కువ. ఆర్సీ పాత చరిత్రలో వాహన రకం చూస్తే బయటపడుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), 35వ నంబరు ఫారం తీసుకుని ఆర్సీలో ఆ పేరు తీసేయించాకే డబ్బు. తరవాత బండి పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద సంతకాలు. నువ్వు హైదరాబాదులో ఉంటావు కాబట్టి ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ నుంచి 28వ ఫారంతో ఎన్ఓసీ తెప్పించి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు వేయించాలి. ఆ ఖర్చు బలెనో ధరలో ముందే కలుపుకుని వ్యాగన్ ఆర్‌తో పోల్చు, ఆ లెక్కలో తేడా మారిపోవచ్చు. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో నీ పేరుకు మార్పించుకో. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు) అతనితోనే వెళ్లిపోతుంది కాబట్టి ప్రీమియం కొంత పెరుగుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు బలెనో ఓనరు ఇంటికి నేనూ వస్తాను. బండిని ముందుగా స్టార్ట్ చేయవద్దని శనివారమే అతనికి ఫోను చేసి చెప్పు. మనం వెళ్లేసరికి బానెట్ వేడిగా తగిలితే లోపలికి కూడా వెళ్లకుండా తిరిగి వచ్చేద్దాం, మీ అత్తయ్య పెసరట్లు పోసి ఉంచుతుంది. ఇంజను చల్లగా ఉంటే తాళం తిప్పిన మొదటి పది క్షణాలు నువ్వు మాట్లాడవద్దు, నన్ను విననివ్వు.

ఇట్లు,
మీ మామయ్య