క్లైంబ్ అంటే క్లైంబే

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే వారం నుంచి కో-పైలట్‌గా కుడి సీట్లో కూర్చుంటున్నావని మీ నాన్న చెప్పాడు. ల్యాండింగుల గురించి చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది ఉంటారు. నేను టీకాస్ గురించే రాస్తున్నా, అదే, విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే యంత్రం.

ఇంకో విమానం దగ్గరవుతుంటే ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. స్క్రీన్ మీద దాన్ని చూసి పక్కకు తిప్పాలనిపిస్తుంది. తిప్పకు. అది ఎటువైపుందో టీకాస్ అంత కచ్చితంగా చూపించలేదు. "క్లైంబ్, క్లైంబ్" (పైకెక్కు) అన్నాక మాత్రం 5 సెకన్లలో కదలాలి. ఆటోపైలట్ తీసేసి, ముక్కు మెల్లగా ఎత్తి, ఎక్కే వేగం చూపే సూచీని ఆకుపచ్చ పట్టీలోకి తెస్తే చాలు. గట్టిగా లాగావంటే వెనకాల నిలబడ్డ క్యాబిన్ క్రూ నడుములు విరుగుతాయి.

సరిగ్గా అప్పుడే కింద నుంచి విమానాల్ని నడిపించే కంట్రోలర్ "దిగు" అంటే? 2001 జనవరి 31న జపాన్‌లో అదే జరిగింది. ట్రైనీ కంట్రోలర్ డీసీ-10 విమానాన్ని దింపబోయి, నంబరు తడబడి ఎదురుగా ఉన్న ఇంకో విమానం 747కి దిగమని చెప్పాడు. 747లో టీకాస్ ఎక్కమంటోంది. కెప్టెన్ కంట్రోలర్ మాటే విన్నాడు. అవతల డీసీ-10 తన టీకాస్ చెప్పినట్టు దిగుతోంది. రెండింటిలో కలిపి 677 మంది! పట్టపగలు కాబట్టి ఆఖరి క్షణంలో కళ్లతో చూసి తప్పించుకున్నారు, అయినా వందమంది దాకా గాయపడ్డారు. మరుసటి ఏడాది జులై 1 రాత్రి, జర్మనీలో ఉబర్లింగెన్ ఊరి మీద ఇదే పొరపాటు. ఈసారి ఢీకొన్నాయి. 71 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు.

రెండు టీకాస్‌లూ తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి పంపిస్తాయి. నువ్వు చెప్పేదాకా ఆ సంగతి కంట్రోలర్‌కి తెలియదు. అందుకే "టీకాస్ ఆర్ఏ" అని వెంటనే చెప్పు. ఆర్ఏ అంటే ఎక్కమనో దిగమనో టీకాస్ ఇచ్చే ఆదేశం. మళ్లీ దిగమంటే "అనేబుల్ (కుదరదు), టీకాస్ ఆర్ఏ" అను. కెప్టెన్ పెద్దాయన కదా అని మొహమాటపడకు. ఆయన చెయ్యి తప్పు వైపు పోతుంటే గట్టిగా అరువు, తర్వాత తిడితే తిట్టనీ. "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్", అంటే గండం తప్పిందని టీకాస్ చెప్పడం విన్నాక పాత ఎత్తుకి వచ్చెయ్.

ఇంకోటి. కంట్రోలర్ చెప్పిన ఎత్తుకి ఆఖరి వెయ్యి అడుగుల్లో నిమిషానికి 1,500 అడుగులకన్నా తక్కువ వేగంతో చేరు. అనవసరమైన అలారాలు అక్కడే తగ్గుతాయి. ఎప్పుడైనా ఆర్ఏ వస్తే రిపోర్టు ఆ రోజే రాసెయ్.

ఈ ఉత్తరం మీ అమ్మకు మాత్రం చూపించకు. అసలే టెన్షన్ మనిషి, రాత్రంతా నాకే ఫోన్లు చేస్తుంది.

మీ పెదనాన్న